కింద గది నేల

సూర్యాపేట,
12 ఏప్రిల్ 2025

అత్తమ్మకు, స్వప్న వందనాలు.

నీ చెవి మిషన్ మళ్ళీ పాడైందని మీ పక్కింటి వసంతక్క చెప్పింది. మొన్న ఫోన్‌లో నేను "ఇల్లు కడుగుతున్న" అంటే నువ్వు "ఇల్లు అమ్ముతున్రా" అని కంగారుపడ్డావు. అందుకే ఇక ఉత్తరమే రాస్తున్నాను. ఇంటర్ చదివేటప్పుడు మిర్యాలగూడలో నీ దగ్గరే ఉండి, నీ మిల్లు ఆఫీసు పెన్నులతోనే దస్తూరి దిద్దుకున్నదాన్ని కదా, చదవడానికి నీకు ఇబ్బంది ఉండదు.

ఒక సలహా కావాలి. మా ఇల్లు వాలు నేల మీద ఉంది కదా. రోడ్డు వైపు నుంచి చూస్తే ఒకటే అంతస్తు, వెనక నుంచి చూస్తే రెండు. ఆ కింద గదికి మూడు వైపులా మట్టే. ఇన్నాళ్ళు పాత సామాన్లు వేసుకున్నాం. ఇప్పుడు దాన్ని బాగు చేయించి వాడుకుందామనుకుంటున్నాం. ఉన్నది ఉత్త సిమెంటు గచ్చు.

అయితే ఇంత ఎండల్లోనూ ఒక మూల నేల నల్లగానే ఉంటుంది. తుడిచి, ఫ్యాన్ పెట్టినా ఆరదు. డేవిడ్ తన దవాఖాన ల్యాబ్ బుద్ధి పోనిచ్చుకోక, ఆ మూల ఒక ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు అంచులకూ టేపు అంటించాడు. మర్నాడు విప్పితే లోపలి వైపు మనిషికి చెమట పట్టినట్టు నీటి బొట్లు. ఆ బొట్లు చూస్తే ఎందుకో నాకు భయమేసింది. పైనుంచి కారే నీళ్ళయితే ఎక్కణ్ణుంచో తెలుస్తుంది. ఇవి కింది నుంచి వస్తున్నాయి.

టైల్స్ వేయాలా, నాపరాళ్ళా, చెక్కలాగా కనబడే పలకలా, కార్పెట్టా, లేక ఇప్పుడొస్తున్న మెత్తటి ప్లాస్టిక్ షీటా? నువ్వు ముప్ఫై ఏళ్ళు మిల్లు గోదాములు చూసినదానివి. నీకు తోచింది రాయి.

నీ
స్వప్న


మిర్యాలగూడ,
19 ఏప్రిల్

స్వప్నా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదువుకున్నాను. ఇక్కడ రబీ వడ్లు దిగుతున్నాయి. వీధంతా లారీలు, ఊక దుమ్ము. నాకు ఆ చప్పుడు లేదు కాబట్టి సుఖంగానే ఉన్నాను.

తడి నేల సంగతి నాకు తెలుసు. మా మిల్లులో వెనక గోదాము ఒకటి పల్లంలో ఉండేది. నేల చెమ్మగిల్లుతోందని ఒక ఏడాది సేటు పెద్ద టార్పాలిన్ పరిపించి, దాని మీద బస్తాలు వేయించాడు. పైన ఎంత పొడిగా ఉందంటే అందరం మెచ్చుకున్నాం. వానాకాలం పోయాక బస్తాలు తీస్తే అడుగు వరసలు మొత్తం మొలకెత్తి కుళ్ళిపోయాయి. టార్పాలిన్ ఎత్తిన హమాలీకి ఆ వాసనకు కళ్ళు తిరిగాయి. అంతకు ముందు ఉత్త నేల మీద వేసినప్పుడు కూడా అంత నష్టం రాలేదు.

అందుకని మూసిపెట్టే రకం ఏదీ వేయకు. కార్పెట్, చెక్క అసలే వద్దు. ముందు బయట, గోడ వెంబడి నీళ్ళు పోయే దారి చూడండి. ఆ తర్వాత నాపరాళ్ళో, జారని టైల్సో వేసుకోండి.

కిరాయికి ఎవరొస్తున్నారో రాయలేదు. ఎవరైనా సరే, చిన్నపిల్లలున్నవాళ్ళకు మాత్రం ఆ గది ఇవ్వకు. చెమ్మ గదిలో పసివాళ్ళకు ఆయాసం పట్టుకుంటుంది.

అల్లుణ్ణి అడిగానని చెప్పు.

సుగుణ అత్తమ్మ


సూర్యాపేట,
2 మే

అత్తమ్మకు,

ముందే చెప్పాల్సింది. కిరాయికి కాదు. స్కూల్లో ఉద్యోగం మానేశాక ఊరికే కూర్చోలేకపోతున్నాను. ఇక్కడ కోర్టులో, దవాఖానల్లో, బట్టల దుకాణాల్లో పనిచేసే తల్లులు ఎంతోమంది ఉన్నారు. రెండు, మూడేళ్ళ పిల్లలను ఎక్కడ వదలాలో వాళ్ళకు తెలియడం లేదు. ఆ కింద గదిలో పిల్లలను పెట్టుకుని చూసుకుందామని నా ఆలోచన. పొద్దున ఆటపాటలు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం తల్లులొచ్చి తీసుకుపోతారు. సాయానికి మా వీధి యాదమ్మ వస్తానన్నది.

నీ గోదాము సంగతి చదివి డేవిడ్ ఆలోచనలో పడ్డాడు. అయినా కోదాడ వెళ్ళి షీటు తెచ్చాడు. అక్కడ అతని స్నేహితుడు మోతీలాల్‌కు దుకాణం ఉంది. లేత ఆకుపచ్చ రంగు, మధ్యలో పసుపు పూలు, అడుగున స్పాంజి. కాలు పెడితే దిగబడినట్టు ఉంటుంది.

మోతీలాల్ మాత్రం, "తొందరేముందండీ, వర్షాకాలం వెళ్ళాక వేసుకోండి. కింద తడి ఉంటే నేను గ్యారంటీ ఇవ్వలేను" అన్నాడట. వర్షాకాలం వెళ్ళేదాకా ఆగితే బడి ఏడాది సగం అయిపోతుంది. అందుకని గచ్చు మీద నీళ్ళు పీల్చని రంగు రెండు పూతలు వేయించి, ఆ తర్వాత అంటిస్తున్నాం.

భయం లేదని కాదు. రోజూ పొద్దున కిందికి పోయి ఆ మూల చేయి పెట్టి చూస్తున్నాను.

స్వప్న


మిర్యాలగూడ,
11 మే

స్వప్నా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

వడ్ల బస్తాలకే పనికిరాని నేల మీద పసిపిల్లలను పడుకోబెడతారా? నేను అంత విడమరిచి రాసినా అల్లుడు కోదాడ పోయి అదే మూసిపెట్టే షీటు తెచ్చాడంటే, నా మాటను ఎంత తేలిగ్గా తీసుకున్నాడో అర్థమవుతోంది. చదువుకున్నవాడు, దవాఖానలో పనిచేసేవాడు, అందంగా కనబడితే చాలనుకున్నాడా? ఎవరి పిల్లకైనా ఏమన్నా అయితే వాళ్ళ అమ్మ ముఖం ఎట్లా చూస్తారు?

నువ్వు నోరు లేనిదానివి. అతను ఏమంటే దానికి తలూపుతావు. ఈసారి ఊపకు.

సుగుణ అత్తమ్మ


సూర్యాపేట,
20 జూన్

అత్తమ్మకు,

పన్నెండో తారీకున బడి మొదలైంది. కార్డు పంపాను. నువ్వు రాలేదు. పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేశారు. యాదమ్మ పాయసం వండింది. నీ కోసం బస్టాండు వైపు చూస్తూనే ఉన్నాను.

నీ ఉత్తరం డేవిడ్ చేతిలో పడింది. టేబుల్ మీద వదిలేయడం నా పొరపాటు. చదివి మడిచి పెట్టేశాడు. రెండు రోజుల తర్వాత, "మీ అత్తమ్మకు నేను ఎప్పుడు మంచిగ కనబడ్డ గన్క" అన్నాడు, అంతే.

అత్తమ్మా, షీటు డేవిడ్ ఎన్నుకున్నది కాదు. అతను టైల్స్ అన్నాడు. నీ ఉత్తరం వచ్చాక నాపరాళ్ళన్నాడు. షీటే కావాలని పట్టుబట్టింది నేను.

ఉద్యోగం ఎందుకు మానేశానో నీకు సరిగ్గా చెప్పలేదు. పోయిన డిసెంబరులో మా క్లాసు ముందు వరండాలో ఒక బాబు పరుగెత్తుతూ పడ్డాడు. నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. టైల్స్ మీద తల తగిలిన చప్పుడు నేను విన్నాను. తర్వాత వాడు ఏడవలేదు. ఏడవకపోవడమే భయం. హైదరాబాద్ తీసుకుపోయారు, బతికాడు, ఇప్పుడు మామూలుగానే ఉన్నాడు. కానీ గట్టి నేల మీద పిల్లలు పరుగెత్తుతుంటే నాకు ఇప్పటికీ ఆ చప్పుడే వినబడుతుంది. అందుకే మెత్తటిది కావాలన్నాను. నువ్వు తడి గురించి రాస్తున్నావు, నేను దెబ్బ గురించి ఆలోచిస్తున్నాను.

ఇక్కడ అంతా బాగానే ఉంది. గది పొడిగా ఉంది. పిల్లలు దొర్లుతున్నారు, పడుతున్నారు, లేస్తున్నారు. తార అని ఒక పాప ఉంది, మూడేళ్ళది. వాళ్ళ తాత పేరు గేమ్యా, మోతె దగ్గర తండా నుంచి వచ్చి ఇక్కడ వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. తల్లి బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆ పిల్ల నడవదు, పరుగే. మెత్తగా ఉంది కాబట్టి నేనూ ఊరుకుంటున్నాను.

నువ్వు భయపడొద్దు.

స్వప్న


మిర్యాలగూడ,
30 జూన్

స్వప్నా,

కార్డు అందింది. అల్లుడి పేరు కిందే నీ పేరు చూసి, ఆ ఉత్తరం రాసినదాన్ని ఏ ముఖంతో రావాలని ఆగిపోయాను. నా మీద కోపంతో మాటవరసకు పిలిచారేమో అని కూడా అనిపించింది. చెవులు పోయినప్పటి నుంచి మనుషులు నా వెనక ఏమనుకుంటున్నారో అని ఒకటే అనుమానం.

ఆ బాబు సంగతి నాకు ఎందుకు చెప్పలేదు బిడ్డా? ఒక్కదానివే మోసుకుని తిరిగావు. అల్లుణ్ణి అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పు. నేనే రాస్తే అతను విప్పడేమో.

గది పొడిగా ఉందని రాశావు. నమ్ముతాను. కానీ ఒక్కటి అడుగుతాను. షీటు పైన చేయి పెట్టి చూశావా, ఒక అంచు ఎత్తి కింద చేయి పెట్టి చూశావా? ఇంకా పెద్ద వానలు మొదలే కాలేదు.

నీ
సుగుణ అత్తమ్మ


సూర్యాపేట,
8 ఆగస్టు

అత్తమ్మకు,

నెల దాటింది రాసి. డేవిడ్‌కు నీ మాట చెప్పాను. "సరె తియ్" అన్నాడు. కోపం పూర్తిగా పోయినట్టు లేదు.

అంచు ఎత్తలేదు. నీకు అబద్ధం రాయను. జిగురు పెట్టి అంటించారు, ఎత్తితే చిరుగుతుందని ఒక సాకు చెప్పుకున్నాను. నిజానికి ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

వారం నుంచి ముసురు వదలడం లేదు. వెనక గోడ అవతల నీళ్ళు నిలబడుతున్నాయి. గదిలో తడిసిన కుక్క వాసన లాంటిది వస్తోంది. పిల్లలొచ్చే ముందు సాంబ్రాణి వేస్తున్నాను. ఫ్యాన్ పెట్టే మూల షీటు కొంచెం ఉబ్బింది, అతుకుల వెంట తడి పైకి ఊరుతోంది. కాలితో నొక్కితే మెల్లగా దిగి మళ్ళీ లేస్తోంది. లోపల ఏదో ఊపిరి తీస్తున్నట్టు. ఇద్దరు పిల్లలకు దగ్గు. వానాకాలం కదా అందరికీ ఉంటుందని తల్లులే అంటున్నారు. నేను అవునంటున్నాను.

ఇంకొక సంగతి నన్ను పరేషాన్ చేస్తోంది. మూడు రోజుల నుంచి తార, "టీచర్, చీమలు కుడుతున్నయి" అని ఏడుస్తోంది. ఎత్తుకుంటే మానేస్తుంది. మర్నాడు ఇంకొకడు అన్నాడు. చాపలన్నీ దులిపాను, గోడల వెంట పసుపు చల్లాను. ఒక్క చీమ కనబడలేదు. వాళ్ళ కాళ్ళు చూస్తే ఎర్రగా కూడా లేవు. చాప మీద పడుకున్నంతసేపు ఏమీ అనరు, దిగి నడిస్తేనే. నాకేమీ తెలియడం లేదు. మడమ నొప్పికి నేను ఇంట్లో కూడా రబ్బరు చెప్పులే వేసుకుంటాను. యాదమ్మ మాత్రం, "నాకు గూడ కాళ్ళు జుమ్మంటున్నయి, షుగర్ ఎక్కువైందో ఏమో" అన్నది.

కంటికి కనబడని పురుగులేమైనా ఉంటాయా? గోదాముల్లో నువ్వు చూశావా? షీటు తీయించాలేమో అని డేవిడ్‌తో అనాలనుకుంటాను. అంటే మోతీలాల్ మాట, నీ మాట, అతని మాట, అన్నీ కాదని తెచ్చింది నేనే కదా. నోరు రావడం లేదు.

స్వప్న


మిర్యాలగూడ,
12 ఆగస్టు

స్వప్నా,

అవి చీమలు కాదు. కరెంటు.

ఇది చదవగానే మిగతాది చదవకుండా పైకి పోయి మెయిన్ బంద్ చెయ్యి. తర్వాత పిల్లలను ఎత్తుకుని పైకి తీసుకురండి. ఎవరినీ తడి నేల మీద నడవనివ్వకు. ఫ్యాన్‌ను, గోడను ముట్టుకోవద్దు.

మా మిల్లులో తడి బియ్యం ఆరబెట్టే చోట మోటరు దగ్గర హమాలీలు ఇట్లాగే అనేవాళ్ళు, కాళ్ళకు చీమలు పాకినట్టుందని. నవ్వుకునేవాళ్ళం. తర్వాత ఏమైందో నీకు రాయను. ఆ రోజు నేను ఆఫీసు కిటికీ దగ్గర ఉన్నాను.

మధ్యాహ్నం నీ ఉత్తరం రాగానే వసంత దగ్గరికి పరుగెత్తాను. నేను చెప్తుంటే ఆమె నీకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. అప్పుడు అల్లుడికి చేసింది. అతను ఎత్తాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి, నాకు ఒక్క ముక్క వినబడదు. పెట్టేశాక ఏమన్నాడని అడిగితే, "సరే అన్నడు అత్తా, అంతే" అని చేత్తో చూపించింది.

సరే అంటే ఏమిటి? పోతానని సరేనా, ఈ ముసలిదాని గోల ఒడవదని సరేనా? నేను అతన్ని అన్న మాటలే గుర్తొస్తున్నాయి. నా మీది కోపంతో పోకపోతే? మళ్ళీ చేయమన్నాను. రెండు ఫోన్లూ ఎత్తడం లేదు.

బస్టాండుకు పోయాను. రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయని సూర్యాపేట బస్సులు ఆపారట. అక్కణ్ణుంచే పోస్టాఫీసుకు వచ్చి నిలబడి ఇది రాస్తున్నాను. ఇది నీకు ఎప్పుడు చేరుతుందో. చేరేసరికి దీని అవసరం ఉండకూడదని దేవుణ్ణి అడుగుతున్నాను.

సుగుణ


సూర్యాపేట,
22 ఆగస్టు

అత్తమ్మకు,

పిల్లలందరూ క్షేమం. ఆ సాయంత్రమే వసంతక్కకు చెప్పాను, నీకు కాగితం మీద రాసి చూపించానన్నది. జరిగింది మొత్తం రాయడానికి ఇన్నాళ్ళు చేయి రాలేదు.

నా ఫోన్ పైన చార్జింగులో ఉంది. పిల్లలను నిద్రపుచ్చుతున్నాను. ఫ్యాన్ తిరుగుతోంది. డేవిడ్ ఆ వేళప్పుడు ఎప్పుడూ రాడు. మెట్లు దిగి, అలవాటు ప్రకారం చివరి మెట్టు మీద బూట్లు, సాక్సులు విప్పాడు. నేరుగా ఫ్యాన్ మూలకు నడిచాడు. ఆగాడు. తన కాలి వైపు చూసుకున్నాడు. అతని ముఖం అట్లా తెల్లబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. వెనక్కి తిరిగి, గబగబా పైకి వెళ్ళాడు. ఫ్యాన్ ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను.

మళ్ళీ వచ్చి మెల్లగా అన్నాడు. "మెయిన్ బంద్ చేసిన. భయపడకు. పిల్లలు బెదురుతరు. ఒక్కొక్కలను ఎత్తుకొని పైకి పోదాం. ఎవ్వలను నడిపియ్యొద్దు."

నేను, అతను, యాదమ్మ ఎత్తుకుని మోశాం. పేరు పేరునా చూసుకుంటూ తీసుకుపోతుంటే చాప మీద తార లేదు. పక్కనే పడుకోబెట్టాను, ఇప్పుడు లేదు. పేరు పెట్టి పిలిచాను. డేవిడ్ టార్చి కొట్టాడు. ఫ్యాన్ వెనక, షీటు ఉబ్బిన చోట కూర్చుని ఉంది. రెండు అరచేతులతో నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా అంచు నుంచి నల్లటి నీళ్ళు చిమ్ముతున్నాయి. దానికి నవ్వు. అందరూ నిద్రపోయాక రోజూ అక్కడికి పోయి ఆడుకుంటుందట, చీమలు కుట్టినా సరే. యాదమ్మ తర్వాత చెప్పింది.

నేను ఎత్తుకున్నాను. దాని అరచేతులు తడిగా నా మెడకు తగిలాయి. ఆ తడి ఇంకా అక్కడే ఉన్నట్టు ఉంది.

మెకానిక్ వచ్చి కింది ప్లగ్ బోర్డు విప్పితే లోపల నీళ్ళు. గోడలో వైరు ఎప్పుడో చీకిపోయిందట. షీటు కింద నీళ్ళు గోడ దాకా నిలిచి, అక్కణ్ణుంచి గోడలో బోర్డు దాకా ఎక్కాయట. "మీ అదృష్టం మేడం. ఇంకొక్క రోజు ఆగితే…" అని మధ్యలో ఆపేశాడు.

ఆ రాత్రి డేవిడ్ అన్నాడు. "అత్తమ్మ మాట నిజమని నేను పోలె. తప్పని చూపెడదామనే పోయిన. మనసుల ఆ కోపం లేకుంటె, సాయంత్రం సూద్దాంలె అనుకుంటుంటినేమో." నీ మీద అతనికి ఇప్పుడు కోపం లేదు. నీకు రాయమంటే మాటలు రావడం లేదంటున్నాడు. ఎత్తిన షీటు వెనక పెరట్లో పడేశాడు. అడుగున స్పాంజి మొత్తం నల్లగా బూజు. దాని మీద రెండు నెలలు పిల్లలను దొర్లించాను.

వెనక గోడ వెంబడి కాలువ తవ్విస్తున్నాం. తడి ఆగాక నాపరాళ్ళు వేసి బండ్లు పెట్టుకుంటాం. పిల్లలను మాత్రం ఆ గదిలోకి దింపను.

తల్లులందరినీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. దాచి ఉంటే తెలిసేది కాదని యాదమ్మ అంటుంది. ఒకామె నన్ను కొట్టినంత పని చేసింది. కొందరు అప్పుడే పిల్లలను తీసుకుపోయారు. గేమ్యా వచ్చి గది చూపించమన్నాడు. చూశాడు. పైకొచ్చి తలపాగా విప్పి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంటికాడ గూడ చెప్పింది మేడం, చీమలు చీమలు అని," అన్నాడు. "నేను నవ్విన. బడికి పోవుడు ఇష్టం లేక చెప్తుందనుకున్న."

అని తారను భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాను.

మా హాల్లో సామాన్లు జరిపి ఒక వైపు ఖాళీ చేశాం. వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు రారు అనుకున్నాం. సోమవారం నలుగురు వచ్చారు. ఈ రోజు పొద్దున తలుపు దగ్గర గేమ్యా, పక్కన తార. పిల్ల లోపలికి ఉరికింది. అతను కదల్లేదు.

"తల్లి దుకాణానికి పోకుంటె ఇల్లు గడవది. నాకు రాత్రి డ్యూటీ. పొద్దంత ఈడ కూసుంట," అన్నాడు. "మీరేం అనుకోవద్దు."

కుర్చీ వేస్తే వద్దన్నాడు. గడప పక్కన నేల మీద కూర్చున్నాడు. అరచేయి గచ్చుకు ఆనించి కాసేపు ఉంచాడు, తర్వాత తీశాడు. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయారు. రాత్రంతా మేలుకున్న మనిషి, తూగుతూ మళ్ళీ ఉలిక్కిపడి తార వైపు చూస్తున్నాడు. నేను కూడా అటే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం పోతూ, "రేపు గూడ వస్త," అన్నాడు.

రమ్మన్నాను.

నీ
స్వప్న